పాదరసంతో బంగారం తీసే ఇంట్లో ఆరోగ్యం కాపాడుకోవడం ఎలా?

అవుసుల (కంసాలుల) కొట్లు ఊడ్చిన మట్టిని కొని, కడిగి, పాదరసం కలిపి అందులోని బంగారు రజను తీసే పని నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో కొన్ని కుటుంబాలకు తరాల నాటి బతుకుదెరువు. ఆ పని చేసేవారు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "పాదరసం చేత్తో ముట్టుకుంటే ప్రమాదమా?" ప్రశ్న చేతి గురించి, ప్రమాదం మాత్రం ముక్కు దగ్గర. పొరపాటున మింగిన పాదరసంలో పదివేల వంతుల్లో ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. అదే పాదరసం వేడెక్కి ఆవిరైతే, పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతం ఊపిరితిత్తుల గుండా రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి మెదడుకూ మూత్రపిండాలకూ చేరుతుంది. గర్భిణి పీలిస్తే మాయను దాటి కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం, పాదరసమూ బంగారమూ కలిసిన ముద్దను కాల్చే చోటు గురించే ఉంటుంది.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆగ్నేయాసియా ఖండభాగాల్లో 70కి పైగా దేశాల్లోని చిన్న గనుల కార్మికులు ఇదే పద్ధతిలో బంగారం తీస్తున్నారు. రాతిపొడిలో పాదరసం కలపడం, ముద్ద పిండడం, నిప్పు మీద కాల్చడం అన్నవి అక్కడా ఇక్కడా ఒకటే. వారిలో కనిపించిన వణుకు, మతిమరుపు, మూత్రపిండాల జబ్బు మన కొట్టుమట్టి పనివారికీ రావచ్చు. వారి కోసం రూపొందిన జాగ్రత్తలే మనకూ పనికొస్తాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గట్టి మూత ఉన్న మందమైన గాజు లేదా ప్లాస్టిక్ సీసా (పాదరసాన్ని నీటి అడుగున ఉంచి దాచడానికి)
- నైట్రైల్ చేతితొడుగులు, పని కోసమే కేటాయించిన ఒక జత బట్టలు, చెప్పులు
- సూది లేని సిరంజి, రెండు గట్టి అట్టముక్కలు, వెడల్పాటి అంటుడు టేపు, టార్చిలైటు
- గట్టి అయస్కాంతం, వెలిగారం (బోరాక్స్), మూస (లోహం కరిగించే గిన్నె)
- మీ దగ్గర ఎలాగూ ఉండే చిన్న తరాజు
- ఒక నోటుబుక్కు

గుడ్డ మాస్కు గానీ, కరోనా కాలంలో వాడిన ఎన్-95 మాస్కు గానీ ఈ జాబితాలో లేకపోవడానికి కారణం ఉంది. అవి దుమ్మును ఆపుతాయి, ఆవిరిని ఆపవు. తడిగుడ్డ కట్టుకున్నా ఫలితం అంతే. పాదరసపు ఆవిరి కోసమే తయారైన డబ్బా బిగించిన మాస్కు మాత్రమే పనిచేస్తుంది. అది కూడా ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి, డబ్బాను గడువులోగా మార్చాలి.

1. ఇంట్లో కాల్చడం ఇవాళే ఆపండి

మిగతా అడుగులన్నీ వాయిదా వేసినా దీన్ని మాత్రం వాయిదా వేయకండి. పాదరసం సుమారు 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఊదుతున్న బొగ్గుల కుంపటి ఆ వేడిని ఇట్టే దాటుతుంది. పైకి లేచే ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. "పొగ కనిపించలేదు కాబట్టి ఏమీ కాలేదు" అనుకోవడమే ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లున్న నల్లగొండకు, కంటికి కనిపించని విషం ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఆవిరి ఊరికే బయటికి పోదు. చల్లబడి గోడలకు, పైకప్పుకు, పరుపులకు, వంటగిన్నెలకు అంటుకుంటుంది. తర్వాత మామూలు గది వేడికే మళ్లీ కొంచెం కొంచెంగా ఆవిరవుతూ ఉంటుంది. సోమవారం మీరు కాల్చినది, ఆ వారమంతా మీ ఇంట్లోవారు పీలుస్తారన్న మాట. అందువల్ల పిల్లలు నిద్రపోయాక కాల్చడం, ఫ్యాను వేసుకోవడం, కిటికీ పక్కన కూర్చోవడం, వంటగది పొగగొట్టం కింద పెట్టడం వంటి ఉపాయాలేవీ ఉపాయాలు కావు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు కాల్చే చోటికి అసలు రాకూడదు. చాలా ఇళ్లలో మగవారు మట్టి కడుగుతుంటే ఆడవారు కుంపటి ఊదుతారు. అంటే ఎక్కువ ఆవిరి వారికే చేరుతుంది. ఈ పని పంపకాన్ని ముందు మార్చండి.

కాల్చాక మూసలో మిగిలే గుల్ల బంగారంలో కూడా ఇంకా కొంత పాదరసం ఉంటుంది. దాన్ని కొని కరిగించే అవుసుల పనివారు "మేం పాదరసం వాడం" అని నిశ్చింతగా ఉంటారు గానీ, ఆ మిగిలిన పాదరసం లేచేది వారి ముఖం ముందే. రాగి కలశాలకు, విగ్రహాలకు పాదరసంతో బంగారు మలాము పట్టేవారికీ ఇదే వర్తిస్తుంది.

పొగ రాకుండా ఉంటుందని కొందరు ముద్దను తేజాబులో (నైట్రిక్ ఆమ్లంలో) వేసి పాదరసాన్ని కరిగిస్తారు. అప్పుడు లేచే గోధుమరంగు వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెంటనే ఏమీ అనిపించకపోయినా కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకుండా చేయగలదు. పైగా పాదరసం కరిగిన ఆ నీళ్లు చివరికి మోరీలోకే పోతాయి. ఇంట్లో ఈ దారి వద్దు.

2. పాదరసం లేకుండానే తీయగలరేమో చూడండి

కొట్టుమట్టి గనిమట్టి లాంటిది కాదు. అందులోని బంగారం ఆకురాయి రజను, తీగముక్కలు, టాంకం (అతుకు లోహం) పొడి రూపంలో విడిగానే ఉంటుంది, రాతిలో చిక్కుకుని ఉండదు. కాబట్టి ఎక్కువ సందర్భాల్లో పాదరసం అవసరం అలవాటు వల్ల వచ్చినదే అని నా అభిప్రాయం.

ముందు మట్టిని ఇనుప పెనంలో, ఆరుబయట, కాగితాలూ లక్కా మైనమూ బూడిద అయ్యేదాకా కాల్చండి. ఇంతకుముందు పాదరసం తగిలిన మట్టినైతే ఇలా కాల్చకూడదు, గుర్తుంచుకోండి. చల్లారాక సన్నని జల్లెడ పట్టండి. అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పొడి మీద నెమ్మదిగా తిప్పితే ఇనుప రజను అంటుకుని వస్తుంది. సంచిని తిరగేసి అయస్కాంతాన్ని లాగితే ఆ ఇనుము రాలిపోతుంది. తర్వాత వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా, తొందరపడకుండా కడగండి. తేలే చిన్న రేణువులు కొట్టుకుపోకుండా నీళ్లలో ఒక చుక్క బట్టల సబ్బునీళ్లు కలపండి.

పళ్లెం అడుగున మిగిలిన బరువైన పొడికి దాదాపు సమానంగా వెలిగారం కలిపి, మూసలో గట్టిగా ఊది కరిగించండి. వెలిగారం మిగతా మలినాలను గాజులాగా కరిగించి పైకి తేల్చుతుంది, బంగారం అడుగుకు దిగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని చిన్న గనుల కార్మికులు కొందరు ఎన్నో ఏళ్లుగా పాదరసం లేకుండా ఇలాగే తీస్తున్నారు.

ఇందులో జరిగే తప్పులు రెండు. ఒకటి, సరిగా కడగకుండా మట్టి ఎక్కువగా ఉన్న పొడినే మూసలో పెట్టడం. రెండు, వేడి చాలకపోవడం. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి చల్లారిన గాజుముక్కను పగలగొట్టి టార్చిలైటు వెలుగులో చూడండి. లోపల ఆవగింజంత మెరుపులు చెదిరి ఉంటే వేడి చాలలేదని అర్థం. ఆ గాజును నూరి, కడిగి, మళ్లీ కరిగించండి.

మట్టి మరీ ఎక్కువగా ఉంటే శుద్ధి కర్మాగారానికి అమ్మడం మరో దారి. ధర కొంత తగ్గవచ్చు, ఆవిరి మాత్రం మీ ఇంట్లో లేవదు.

3. పాదరసం తప్పదంటే, మూసి ఉన్న పాత్రలోనే వేడి చేయండి

ఇందుకు ఒక ఇనుప గిన్నె, దానికి బిగుసుకునే ఇనుప మూత, మూత నుంచి పక్కకు దిగే ఇనుప గొట్టం కావాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం, జింకు పూత వేసిన గొట్టాలు వద్దు. పాదరసం వాటిని పట్టి తినేస్తుంది. గొట్టం చుట్టూ తడిగుడ్డ చుట్టి తడుపుతూ ఉంటే ఆవిరి లోపలే చల్లబడి, చుక్కలుగా కింద పెట్టిన నీళ్ల గిన్నెలో పడుతుంది.

గొట్టం చివర నీళ్లకు దగ్గరగా ఉండాలి, కానీ నీళ్లలో మునగకూడదు. మునిగితే, గిన్నె చల్లారేటప్పుడు గొట్టం నీళ్లను పైకి పీలుస్తుంది. అవి వేడి గిన్నెలో పడి ఒక్కసారిగా ఆవిరై మూతను ఎగరగొట్టగలవు.

కొత్త గిన్నెను పాదరసం తగలకముందే ఒకసారి పరీక్షించండి. లోపల గుప్పెడు కొబ్బరిపీచు వేసి, మూత బిగించి వేడి చేస్తే పొగ గొట్టం చివర నుంచి మాత్రమే రావాలి. మూత అంచు నుంచి సన్నని పొగ వచ్చినా ఆ గిన్నె పనికిరాదు. నోటితో ఊది చూడవద్దు.

ఇంత చేసినా కాల్చేది ఆరుబయటే, ఇళ్లకు దూరంగా, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా కూర్చునే. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. ఆత్రంగా వేడిమీద తీసిన మూత మొత్తం శ్రమను వృథా చేస్తుంది.

ఫలితాన్ని తరాజుతో తేల్చుకోండి. కాల్చకముందు ముద్ద బరువు, కాల్చాక బంగారం బరువు, నీళ్లలో దొరికిన పాదరసం బరువు నోటుబుక్కులో రాయండి. రెండోదీ మూడోదీ కలిపితే మొదటిదానికి దాదాపు సరిపోవాలి. ఎంత తగ్గితే అంత గాలిలో కలిసింది. గ్రాములో పదో వంతు బంగారం తేడా వస్తే ఊరుకోని మనం, పాదరసం తేడాను కూడా అదే శ్రద్ధతో చూడాలి.

ముద్దను గుడ్డలో వేసి పిండేటప్పుడు చేతితొడుగులు వేసుకుని, నీటి గిన్నెలో ముంచి పిండండి. నోటితో పట్టి లాగవద్దు. ఈ పనికి వాడిన గిన్నె, పళ్లెం మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

4. పాదరసం ఒలికితే చీపురు ముట్టకండి

చీపురుతో ఊడిస్తే ఒక చుక్క వంద చుక్కలవుతుంది, ప్రతి చుక్కా ఆవిరవుతూనే ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్ ఇంకా అధ్వాన్నం, ఎందుకంటే అది పాదరసాన్ని వేడిచేసి గదంతా చల్లుతుంది.

1. పిల్లలను బయటికి పంపండి, తలుపులూ కిటికీలూ తెరవండి, ఇంట్లోకి గాలి తోసే ఫ్యాను ఆపండి.
2. ఉంగరాలు, గాజులు తీసి తొడుగులు వేసుకోండి. పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది.
3. అట్టముక్కలతో చుక్కలను ఒక చోటికి నెట్టి, సిరంజితో పీల్చి నీళ్లున్న సీసాలో వదలండి.
4. టార్చిలైటును నేలకు ఆనించి అడ్డంగా వెలుగు పారించండి. పైనుంచి చూస్తే కనిపించని చుక్కలు అప్పుడు మెరుస్తాయి. వాటిని టేపుతో ఎత్తండి.
5. మట్టి నేల లేదా పేడ అలికిన నేల అయితే ఆ చోట పైపొరను తవ్వి తీసి, మూత ఉన్న డబ్బాలో వేయండి.

గంధకం పొడి చల్లితే పాదరసం మాయమవుతుందని కొందరి నమ్మకం. అది చుక్కల పైపొరను పట్టుకుని ఆవిరిని తగ్గిస్తుంది, అంతకుమించి ఆశించవద్దు. చల్లినా ఆ పొడిని ఎత్తి డబ్బాలో వేయాల్సిందే. ఆ గదిని కనీసం ఒక రోజు గాలికి వదలండి.

కడిగిన మట్టిని, ఒండ్రును వాగులో, కుంటలో, మోరీలో పారబోయవద్దు. నీటి అడుగు బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, అది చేపల్లో పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బు అలాంటి చేపలు తినడం వల్ల వచ్చినదే. ఆ ఊరి పేరుతోనే 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. ఆవిరిని పట్టే మూత లేకుండా ముద్ద కాల్చడాన్నీ, జనం నివసించే చోట్ల కాల్చడాన్నీ చిన్న గనుల్లో నిర్మూలించాలని ఆ ఒప్పందం చెబుతోంది.

5. పని బట్టలు పని చోటే వదలండి

ఇంటికి వచ్చి పిల్లలను ఎత్తుకోవడానికి ముందే బట్టలు మార్చి, చేతులూ ముఖమూ కడుక్కోండి. ఆ బట్టలను దులపకుండా, ఇంట్లోవారి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. పని చోట అన్నం తినడం, బీడీ కాల్చడం రెండూ మానండి.

6. ఒంట్లో మార్పులను తేదీ వేసి గమనించండి

కాల్చిన కొన్ని గంటల్లో దగ్గు, ఛాతీ పట్టేయడం, జ్వరం, నోట్లో ఇనుము రుచి, ఆయాసం వస్తే, అది మామూలు జ్వరమని మాత్ర వేసుకుని పడుకోకండి. 108కి ఫోన్ చేసి, పాదరసం కాల్చామని మొదటి మాటగా చెప్పండి.

ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పీల్చేవారిలో జబ్బు వేరుగా, నెమ్మదిగా వస్తుంది. వేళ్లు, కనురెప్పలు, పెదవులు సన్నగా వణుకుతాయి. నిద్ర పట్టదు, చిన్నదానికే కోపం వస్తుంది, నలుగురిలోకి వెళ్లాలంటే బిడియం వేస్తుంది, పేర్లు గుర్తురావు. చిగుళ్లు వాచి రక్తం కారుతుంది, లాలాజలం ఎక్కువవుతుంది. మూత్రం నురగగా పోతే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయేమోనని అనుమానించాలి. పిల్లల్లో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు రాలడం, విపరీతమైన చెమట, చిరాకు, వెలుతురు చూడలేకపోవడం కనిపించవచ్చు.

వణుకును పట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. నెలకొకసారి, ఉదయం పూట, చేయి బల్లకు ఆనించకుండా నోటుబుక్కులో ఒక సుడిని లోపలి నుంచి బయటికి గీయండి. కింద సంతకం చేసి తేదీ వేయండి. నాలుగైదు నెలల సుడులను పక్కపక్కన పెట్టి చూస్తే, నునుపుగా ఉన్న గీత రంపపు పళ్లలా మారుతోందా లేదా అన్నది మీ కంటికే తెలుస్తుంది. ఇది అనుమానం రేపడానికే తప్ప, జబ్బును నిర్ధారించడానికి కాదు.

మన ప్రాంతానికి సంబంధించి ఒక హెచ్చరిక చెప్పాలి. కల్తీ కల్లు అలవాటున్నవారికి అది మానేసినప్పుడు కూడా చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. అందువల్ల ఇంట్లోవారూ, ఒక్కోసారి వైద్యులూ, వణుకును కల్లు ఖాతాలో వేసి వదిలేసే ప్రమాదం ఉంది. "నేను పాదరసంతో పని చేస్తాను, ఇన్నేళ్లుగా చేస్తున్నాను" అని మీరు చెప్పకపోతే ఎదుటివారికి అది తట్టదు.

బెల్లం తింటే, పాలు తాగితే పాదరసం దిగిపోతుందన్న మాటకు ఆధారం లేదు. కల్లు, సారా కూడా విరుగుడు కావు.

7. మూత్ర పరీక్ష చేయించుకోండి

ఆవిరి పీల్చేవారికి సరైన పరీక్ష మూత్రంలో పాదరసం కొలవడం. రక్తపరీక్ష ఇటీవల పీల్చినదాన్నీ, తిన్న చేపల ప్రభావాన్నీ కలిపి చూపుతుంది. వెంట్రుకల పరీక్ష ప్రధానంగా చేపల ద్వారా వచ్చినదాన్ని చూపుతుంది కాబట్టి మీకు అంతగా పనికిరాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గానీ, హైదరాబాద్ నిమ్స్‌లో గానీ వైద్యుడిని కలిసి పరీక్ష రాయించుకోండి. నమూనాను వేరే ల్యాబ్‌కు పంపవలసి రావచ్చు, ఫలితానికి కొన్ని రోజులు పట్టవచ్చు.

- డబ్బా ల్యాబ్ ఇచ్చినదే కావాలి. కూల్‌డ్రింక్ సీసా, మందు సీసా వద్దు.
- ఉదయం మొదటి మూత్రం మేలు. పని చోట, పని బట్టలతో నమూనా తీయకండి. మీ వేలికున్న రవ్వంత పాదరసం డబ్బాలో పడితే లెక్క మొత్తం తప్పుతుంది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మూత లోపలి వైపు తాకకుండా పట్టండి.
- అదే నమూనాలో క్రియాటినిన్ కూడా కొలవమని అడగండి. నీళ్లు ఎక్కువ తాగితే పాదరసం తక్కువగా, తక్కువ తాగితే ఎక్కువగా కనిపించే తేడాను అది సరిచేస్తుంది.
- "విషాన్ని బయటికి లాగే" మందు ముందే ఇచ్చి తర్వాత మూత్రం పరీక్షిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ అంకె ఎవరికైనా ఎక్కువగానే వస్తుంది.
- రససిందూరం, మకరధ్వజం వంటి పాదరసం కలిసిన మందులు, ముఖం తెల్లబరిచే క్రీములు వాడుతుంటే వైద్యుడికి చెప్పండి. కొన్ని క్రీముల్లోనూ పాదరసం ఉంటుంది.

కాల్చేవారికి ఒక్కరికే కాకుండా ఇంట్లో ఉండే స్త్రీలకూ పిల్లలకూ చేయించాలి. డబ్బు అందరికీ సరిపోకపోతే గర్భిణికీ, చిన్నబిడ్డకూ ముందు చేయించండి.

8. అంకెను చదివి, తర్వాత ఏం చేయాలో తేల్చుకోండి

పాదరసంతో సంబంధం లేని వారిలో సాధారణంగా లీటరు మూత్రానికి 5 మైక్రోగ్రాముల లోపే ఉంటుంది. క్రియాటినిన్ గ్రాముకు 20 మైక్రోగ్రాములు దాటితే, ఒంట్లో ఏమీ అనిపించకపోయినా కాల్చే పని నుంచి పూర్తిగా తప్పుకుని వైద్యుడి పర్యవేక్షణలోకి వెళ్లాలి. ఈ రెంటి మధ్య వచ్చినా ఆవిరి ఎక్కడి నుంచో చేరుతోందనే అర్థం. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా అడగండి.

పాదరసాన్ని బయటికి తెచ్చే డీఎంఎస్ఏ, డి-పెనిసిలమిన్ వంటి మందులను వైద్యుడు మాత్రమే ఇవ్వాలి. ఇంట్లో ఇంకా కాలుస్తూ ఆ మందులు మింగితే ఒక వైపు తోడుతూ మరో వైపు నింపుకోవడమే అవుతుంది. పీల్చడం ఆపడమే మొదటి చికిత్స.

పీల్చడం నిజంగా ఆగితే ఒంట్లోని పాదరసం సుమారు రెండు నెలల్లో సగమవుతుంది. 60 ఉన్న అంకె రెండు నెలలకు 30 దగ్గరికి, మరో రెండు నెలలకు 15 దగ్గరికి దిగాలి. కాబట్టి రెండు మూడు నెలల తర్వాత అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో మళ్లీ పరీక్షించుకోండి. అంకె తగ్గినా సుడి గీత సర్దుకోకపోతే రెండు కాగితాలూ తీసుకుని నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

అంకె తగ్గకపోతే ల్యాబ్‌ను అనుమానించడానికి ముందు ఇంటిని వెతకండి. అటక మీద మూత వదులైన పాత పాదరసం సీసా, కాల్చిన గది పైకప్పు, పాత కుంపటిలోని బూడిద, మూలన కట్టిపెట్టిన కడిగిన మట్టి సంచులు, పని బట్టలు పెట్టే గంప, పక్క వాటాలో ఇంకా ముద్ద కాలుస్తున్న బంధువుల కొట్టు: వీటిలో ఏదో ఒకటి మిగిలిపోయి ఉంటుంది.